గుండె జబ్బని రాయమన్న వైద్య విద్యార్థిని

1961లో బిస్సమ్ కటక్ నుంచి బదిలీ మీద రాయగడ ఆసుపత్రికి అసిస్టెంట్ సర్జన్‌గా వచ్చాను. పై అధికారి సివిల్ సర్జన్ కోరాపుట్‌లో ఉండేవారు. ఔట్‌పేషెంట్లను చూడడం, మెడికల్ సర్టిఫికెట్లు రాయడం నా పని.

ఆ దసరా సెలవుల్లో గుణుపురం వైపు రైతు అప్పలనాయుడు తన కూతురు సరోజినిని తీసుకొచ్చాడు. ఆమె కటక్ నగరంలోని మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతోంది. నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, గుండె దడ.

రోగిని పరీక్షించేటప్పుడు బంధువులను బయటకు పంపాలని మాకు నేర్పారు. ఆ రోజు వాన జల్లు వరండాలోకి కొడుతోంది. మనసొప్పక నాయుడిని గదిలోనే తలుపు దగ్గర కూర్చోమన్నాను.

నాడి వేగంగా ఉంది. గుండె చప్పుళ్లలో తేడా లేదు. రక్తహీనత లేదు. గుండె బాగుందని చెబితే సరోజిని మొహం ఇంకా వాడిపోయింది.

"గుండె జబ్బని రాసీయండి బాబూ. జబ్బు సేసి మానేసిందంటే మా అయ్యకి తలొంపులుండవు" అంది.

గొంతు తగ్గించే అంది గాని, గది చిన్నది. శవాన్ని కోయడానికి ఆమెకు భయం లేదట. ఎముక చేతికిచ్చి అందరి ముందు ఇంగ్లీషులో ప్రశ్నలడిగితే నోరు పెగలదట. రైలెక్కించడానికి ఊరంతా వచ్చింది. పరీక్ష తప్పితే ఏ మొహంతో తిరిగి రావాలి?

అబద్ధం రాయలేను. ఆ మాటలు విని నాయుడు లేచి వచ్చాడు.

"ఏటమ్మీ, నువ్వు డాకటేరు అవకపోతే మన సేను పండదేటి? ఊరోళ్లకి గొప్పలు సెప్పుకున్నది నాను. ఆ బరువు నీకెందుకు? ఉంటే ఉండు, నేదంటే వచ్చీ."

సరోజిని చాలాసేపు ఏడ్చింది. తర్వాత తండ్రితో, "వారం ఆగి ఎల్తానయ్యా" అంది.

ఆందోళన, నిద్రలేమి అని ఉన్నదే రాసి, వారం విశ్రాంతి సూచించాను. నిద్రకు కాస్త బ్రోమైడ్ మిక్చరు ఇచ్చాను.

తర్వాత ఆమె అనాటమీ పరీక్ష ఒకసారి తప్పింది. "మళ్లీ రాసింది బాబూ, గట్టెక్కింది" అని నాయుడు పంటల సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. డాక్టరయ్యాక ఆమె మా జిల్లాలోనే పనిచేసింది.

నాయుడికి నేను కృతజ్ఞుడిని. రోగిని ఒంటరిగా అడగాలన్న నియమం మంచిదే. కానీ ఎవరికి తలవంపులవుతాయని రోగి భయపడుతున్నాడో, ఒక్కోసారి వాళ్ల ఎదుటే అడగాలి. ఆ తర్వాత సర్వీసంతా, బంధువులను బయటకు పంపే ముందు కొంచెం ఆలోచించేవాణ్ణి.