సున్నా రోజు దగ్గర ఐదు నిమిషాలు

మొన్న మంగళవారం పొద్దున టీచరమ్మ పోయింది. మెట్టుగూడల నా గడియారాల రిపేరు దుకాణానికి ఎదురిల్లే ఆమెది. షటర్ ఎత్తుతుంటే ఆమె చెల్లెలు రోడ్డు దాటొచ్చి చెప్పింది. నేను మూడో క్లాసు దాకా చదివినోణ్ణి. చర్చి పత్రికకు ఆమె గురించి రాయమన్నరు, నాకు తెలిసింది రాస్తున్న.

లెక్కలు చెప్పి రిటైరయినంక సుత ఆమె చెవి మీద పెన్సిలు ఉండేది. "నోటితో కొట్లాటెందుకు భాయ్, గీత గీసి చూద్దాం" అనేది.

రెండేండ్ల కింద ఆమె గోడ గడియారం బాగుచేసిన. తగిలించిన రోజు ఆమె ఊర్ల లేదు, చెల్లెలు తలుపు తీసింది. కిటికీలకెల్లి నా దుకాణం గడియారం చూసి టైము పెట్టిన. నెల కాకముందే టీచరమ్మ చదరాల కాయితం పట్టుకొని వచ్చింది.

"మీ గడియారం పరుగెడుతోందండీ."

"నా పనికి వంక పెట్టేటోడు ఈ గల్లీల పుట్టలే."

"పుట్టకపోతే ఏం, కాకినాడ నుంచి వచ్చాగా" అని కాయితం పరిచింది.

అడ్డగీత మీద రోజులు. నిలువుగీత మీద, ఫోనుకంటే గడియారం ఎన్ని నిమిషాలు ముందున్నదీ. ఏడో రోజు పన్నెండు. పద్నాలుగో రోజు పంతొమ్మిది. ఇరవై ఒకటో రోజు ఇరవై ఆరు.

"రోజుకో నిమిషం ఉరుకుతుంది. పెండ్యులం జెర దించుతా, అయిపాయె."

"అది వాలు. ఇప్పుడు వెనక్కి రండి." చుక్కలు కలిపిన గీతను స్కేలు పెట్టి వెనక్కి పొడిగించింది. అది నిలువుగీతను ఐదు దగ్గర తాకింది. "దీన్ని వై-ఇంటర్‌సెప్ట్ అంటారు. సున్నా రోజున, అంటే మీరు తగిలించినప్పుడే, ఐదు నిమిషాలు ముందుంది. ఆ ఐదు ఎక్కడివి భాయ్?"

తను ఊర్ల లేని రోజు, తను చూడని టైమును గీత గీసి పట్టుకున్నది.

"మీ ఫోనే తప్పు" అన్న.

ఆమె పోయినంక దుకాణం గడియారాన్ని ఫోనుతో కలిపి చూసిన. సరిగ్గ ఐదు నిమిషాలు ముందుంది. ఇన్నేండ్లు చేతి వాచీ చూసి దాన్ని, దాన్ని చూసి వాచీని సరిచేసుకున్న. గల్లీల అందరి గడియారాలకు ఆ టైమే పెట్టిన. అయినా చెప్పలే. పెండ్యులం దించి, మళ్ళ అదే టైము పెట్టి ఇచ్చిన.

కనబడ్డప్పుడల్లా అడిగేది. "ఆ ఐదు దొరికాయా భాయ్?"

"దొరకలే."

నవ్వి పోయేది. తెలిసే నవ్విందేమో.

బుధవారం నాలుగింటికి ఆమెను ఇంట్లకెల్లి తీసుకపోవాలె. గోడ మీద ఆమె గడియారం నాలుగు కొట్టింది. పక్కింట్ల కొట్టింది. మేడ మీద, గల్లీ చివర్ల, ఒకదానెంక ఒకటి. అన్నీ నేను టైము పెట్టినవే. శవపెట్టె ఎత్తనీకి చేతులు పడ్డయి. పాస్టరు ఫోను చూసి "ఇంకా ఐదు నిమిషాలుంది, ఆగండి" అన్నడు. చేతులు లేచినయి. నేను వంగి ఆమె చెవి దగ్గర చెప్పిన.

"ఆ ఐదు నావే, టీచరమ్మా."

చర్చి గంట మోగేదాకా అట్లనే వంగి ఉన్న.

ఆ సాయంత్రమే దుకాణం గడియారం సరిచేసిన. చెల్లెలు ఇంటికి తాళమేసి పోయింది. ఇయ్యాల శనివారం. నాలుగు గాకముందే గల్లీల గంటలు షురూ అయినయి, నాది చప్పుడు చెయ్యలే. ఎదురింట్ల, తాళం వెనక, ఆదివారం ఆమె తిప్పిన వారం రోజుల కీ ఇంకా అయిపోలే. నాలుగు కొట్టింది. నేను పని ఆపి, ఐదు నిమిషాలు ఆ తలుపు దిక్కే చూసుకుంట కూసున్న.