అరచేతిలో బీపీ

విచారణ గది బయట వరండాలో నర్సు కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది.

"కూర్చోవే. నిన్ను చూస్తుంటే నాకు బీపీ పెరుగుతోంది," అంది అక్క.

ఆ మాట ఎత్తినందుకు నర్సు ఆమెను కొరికేసేలా చూసింది. గొడవంతా బీపీ గురించే. వార్డులో తీరిక లేక అంకెలు ముందు అరచేతిలో రాసుకుని, తర్వాత చార్టులో ఎక్కిస్తుంది. పుట్టుకతో వచ్చింది కాకపోయినా పుడకలతో గానీ పోని అలవాటు. ఆ రోజు గుండెజబ్బు పేషెంటు బీపీ అలాగే రాసుకుంది. ఇంతలో పక్క మంచం ముసలాయన ఆమె చేతుల మీదే వాంతి చేసుకున్నాడు. సబ్బుతో కడుక్కుంటే అంకెలూ పోయాయి. మళ్లీ చూద్దామని వెళ్లేసరికి పేషెంటును ఐసీయూకి తీసుకెళ్లిపోయారు. చార్టులో గడి ఖాళీగా మిగిలింది. అసలు బీపీ చూడనే లేదని అభియోగం. లైసెన్సు పోయేలా ఉంది.

"అరచెయ్యి సంగతి ఎత్తకండమ్మా, ఎవరూ నమ్మరు. పని ఒత్తిడిలో చార్టు రాయడం మరిచిపోయానని చెప్పండి, చాలు," అన్నాడు వెంట వచ్చిన లాయరు.

నర్సు తలూపి బ్యాగులోంచి పెన్ను తీసింది.

లోపల విచారణ జరుపుతున్న పెద్దాయన అడిగాడు. "ఆ గడి ఎందుకు ఖాళీగా ఉంది?"

లాయరు చెప్పిన జవాబు గుర్తు రాలేదు. గుప్పిట తెరిచి చూసుకుంది. చెమటకు అక్షరాలన్నీ అలుక్కుపోయాయి.

ఆ చెయ్యి అలాగే ఆయన ముందు చాపింది.

"ఇందుకేనండీ," అంది.