తూకం గదికి మూడో మెట్టు

మా మేనమామను ఆఫీసులో అందరూ మిల్లీమీటర్ అంటారు. వెక్కిరింపే. ఆయనకు కోపం రాదు, నాకే వస్తుంది. ఊరి చెత్తంతా నలభై ఏళ్లు పోసి, పైన మట్టి కప్పి మూసేసిన గుట్ట ఏటా ఎంత కుంగుతోందో కొలవడం ఆయన ఉద్యోగం. లోపల చెత్త కుళ్లుతూ అణుగుతూ ఉంటుంది. ఆ అణగడం ఆగిందని తేలితేగానీ పైన ఏమీ కట్టకూడదు.

పదకొండేళ్లు నెలనెలా గుట్టెక్కాడు. ఎండకు మెడ కమిలిపోయింది, మోకాళ్లు అరిగిపోయాయి. ఇంటికొస్తే అత్తయ్య గుమ్మంలోనే బకెట్టు పెట్టి, "ఆ కంపుతో లోపలికి రాకండి, ముందు కాళ్లు కడుక్కోండి" అనేది.

ఆ కొలతలన్నీ కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ కంప్యూటర్‌లో పెట్టి గీత గీసింది. మొదట్లో జారుడుబల్లలా దిగిన గీత చివరి నాలుగేళ్లలో చదునైపోయింది.

"ఏడాదికి రెండు మిల్లీమీటర్లే సార్. మీరు సంతకం పెడితే బడి పని మొదలెడతారు" అంది.

గుట్ట మీద ఆరువందల మంది పిల్లలకు రెండంతస్తుల బడి. మామయ్య రిటైర్మెంటుకు మూడు నెలలుంది. ఇన్నేళ్ల చాకిరీకి మిగిలే మంచి పేరల్లా ఆ సంతకమే.

సంతకం పెట్టాల్సిన రోజుకు ముందు రోజు తూకం గదికి మేస్త్రి వచ్చాడు. చెత్త లారీలను తూచే రోజుల్లో గుట్ట అంచున కట్టిన చిన్న గది అది. దాని అరుగు మూలలో మామయ్య బిగించిన ఇత్తడి మేకు ఉంది. ఆ మేకు కదలదన్న నమ్మకంతో గుట్ట ఎత్తంతా దాని నుంచే కొలిచేవాడు. నీడ ఉంది, నడక తక్కువ, అందుకని అక్కడ బిగించాడు. ఒకప్పుడు రోడ్డు మీంచి ఆ గదిలోకి తిన్నగా నడిచి వెళ్లేవాళ్లు. తర్వాత లోపలికి దిగడానికి రెండు మెట్లు కట్టాల్సి వచ్చింది. అవీ చాలక మోకాళ్లు పట్టేస్తుంటే ఇప్పుడు మామయ్య మూడోది వేయమన్నాడు.

"తారు పోసీ పోసీ రోడ్డుని ఆకాశానికెత్తుతున్నారయ్యా" అని విసుక్కున్నాడు.

మేస్త్రి తాపీ పక్కన పెట్టాడు. "రోడ్డు పెరగలేదు సార్. అదిగో, ఆ కల్వర్టు గోడ నేను కట్టిందే. అప్పుడు రోడ్డు మీంచి నా మోకాలెత్తు, ఇప్పుడూ అంతే. దిగింది మీ గది. దీని పునాదీ నేనే తవ్వాను, అంతా పాత చెత్తే. అప్పటి కాంట్రాక్టరుకి చెప్తే, మట్టి పోసి కానిచ్చెయ్యమన్నాడు."

 మేకు బిగించిన రోజున మామయ్య ఒకే ఒక్కసారి, రోడ్డవతలి కదలని కొండరాయి నుంచి దాని ఎత్తు కొలిచి రాసుకున్నాడు. మళ్లీ అటు వెళ్లలేదు. ఆ పాత పుస్తకం వెతికి తీసి, రాయి దగ్గరికి వెళ్లి మళ్లీ కొలిచాడు. మేకు ముప్ఫై ఒక్క సెంటీమీటర్లు దిగింది.

ఆ సాయంత్రం కాళ్లు కడుక్కోకుండా బకెట్టు పక్కనే కూలబడ్డాడు. సంగతి విని అత్తయ్య వచ్చి ఆయన పక్కనే గుమ్మంలో కూర్చుంది.

"మూడు నెలలు నోరు మూసుకుంటే పోయేది కదండీ."

"గోడలు బీటలిచ్చేది పిల్లలు కూర్చున్నాకే."

ఆయన గొంతులో ఏడుపు లేదు, అలసటే ఉంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మర్నాడు సంగతి చెబితే ఇంజనీరమ్మ మొహం పాలిపోయింది. "అయితే నా గీత తప్పా సార్?"

"నీ లెక్క తప్పు కాదమ్మా. నేనిచ్చిన అంకెలే తప్పు. గుట్టతో పాటు నేనూ దిగుతూ, అది కదలట్లేదని రాశాను."

బడి ఆగింది. పై అధికారి అరిచి గోల చేశాడు. ఆఫీసులో మామయ్య పేరు ఇప్పుడు సెంటీమీటర్. వాళ్ల నాలుకలు తెగ్గొయ్యాలనిపించింది.

మేస్త్రి మూడో మెట్టు కట్టేశాడు. మిగిలిన మూడు నెలలూ మామయ్య ఆ మెట్టు మీద కాసేపు కూర్చుని, మోకాళ్లు పట్టుకుని లేచి, రోడ్డు దాటి, రాయి దగ్గర్నుంచి కొలత మొదలుపెట్టేవాడు. ఉద్యోగం చివరి రోజున పుస్తకంలో రాసింది ఒక్క ముక్కే: "ఈ నెల మూడు మిల్లీమీటర్లు. ఇంకా కుంగుతోంది."