దీపం పెట్టినాక మాట

లైను కట్టయిందేమో అని హలో హలో అంటాంటారు గదా మీరు, యాలవ్వా అట్లా ఆగుతావని అడుగుతాంటారు గదా, మాట ఏరుకుంటాంటా నాయనా, అంతే. ఎమ్మిగనూరులో మా అత్త ఇంట్లో పడిన అలవాటు అది. దీపం పెట్టినాక ఆ ఇంట్లో 'లేదు' అనకూడదు. బియ్యం నిండుకున్యాయనాల. బేస్తవారం మంత్రాలయం సామికి ఒక్కపొద్దు, ఆ పొద్దు అబద్ధం ఆడకూడదు. పైగా అత్తకు గుండె జబ్బు. దడ పుట్టే మాట సెప్పొద్దన్యాడు డాక్టరు.

అట్లాంటి బేస్తవారమే. మీ నాయన నా కడుపులో ఉన్యాడు. మీ తాతకు ఆదోనిలో పత్తి మిల్లులో పని. పొద్దు గూకేముందు, ఆ మిల్లులో ఆయనతో పనిసేసే అన్న ఒకాయన మా వాకిట్లోకి వచ్చినాడు. నన్ను సూసినాడు, నా కడుపు సూసినాడు, తువ్వాలుతో మొగం తుడుసుకున్యాడు.

"మిషన్ కాడ సెయ్యికి రోంత దెబ్బ తగిల్యాది సెల్లెమ్మా. ఆస్పత్రిలో ఉండాడు. పొద్దున్నే నువ్వొకసారి వస్తే బాగుంటాది."

"మాట్లాడతాండాడా అన్నా?"

"నిలబడొద్దు, కూసో తల్లీ," అని వచ్చిన దావనే పోయినాడు.

దినామూ మాటలు ఏరేదాన్ని, ఏరి సెప్పిన మాట నాకు తెలీదా? బాగుండాడు అని మాత్రం ఆ అన్న అనల్యా. రోంత దెబ్బకు కడుపుతో ఉండేదాన్ని యాల పిలుస్తారు?

లోపల అత్త దీపం పెట్టి వచ్చి అరుగు మింద కూసున్యాది. "నీ మొగునికి ఇంటి దారి గుర్తుండాదా, ఆదోని దోసెలే రుచిగుండాయా?"

రాలేదు అనేకి లేదు. వస్తాడు అంటే, అబద్ధమైతే? దెబ్బ అంటే ఆమె గుండె. ఉండాడు అందామని నోరు తెర్సినా. అది గూడా నాకు నిజంగా తెలిసింది కాదు.

"ఆదోన్లోనే ఉండాడంట అత్తా. పొద్దున్నే నేను పోయొస్తా."

"నువ్వు యాలే? వాడేమన్నా సంటిపిల్లోడా, ఎత్తుకొచ్చేకి?"

"సూడాలనిపిస్తాంది అత్తా."

ఆ కాలంలో ఏ కోడలూ అట్లా అనేది కాదు. నాకు అంతకంటే నిజమైన మాట దొరకల్యా. అత్త నా మొగం సూసి, "సిగ్గు యాడ దాసిపెట్టినావే," అని నవ్వింది.

తెల్లారి మొదటి బస్సుకు పోయినా. ఆస్పత్రిలో మీ తాత సెయ్యంతా కట్టుతో పండుకోని ఉండాడు. సేతి వేళ్లు రెండు పోయినాయి, మనిషి దక్కినాడు. నెత్తురు శానా పోయి, తెల్లారేదాకా తెలివి రాలేదని నర్సమ్మ సెప్పింది. అంటే ఆ అన్న బస్సెక్కేటప్పుడు, ఈయన బతుకుతాడని ఎవురికీ తెలీదు.

ఆ పొద్దు సంగతి తర్వాత ఒకసారి అడిగినా ఆ అన్నను. "ఎండ శానా ఉండాది, నీళ్లియ్యి సెల్లెమ్మా" అన్యాడు. ఇప్పుడు అడుగుదామంటే ఆ అన్న లేడు. ఆ పొద్దు బస్సులో వస్తా ఏం మాట తయారు సేసుకున్యావన్నా, నన్ను సూసినాక దేన్ని మింగినావు?