శుక్రవారమా, ఆదివారమా?

ఆవిరి యంత్రం గురించి అడిగితే నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే పిల్లలు తడుముకోకుండా చెప్తారు. వారానికో రోజు సెలవు ఎవరు కనిపెట్టారంటే మాత్రం నోళ్లు తెరుస్తారు. ఆ ప్రశ్నంటే నాకు మహా ఇష్టం. ఫ్యాక్టరీల్లో రెక్కలు ముక్కలు చేసుకున్న కూలీలు కొట్లాడి సంపాదించుకున్న సెలవది, ఏ దొరా దయతలచి విసిరేసింది కాదని, షార్జా అల్ నహ్దాలోని మా హాల్లో బల్ల గుద్ది మరీ చెప్తుంటాను.

2022 జనవరిలో ఆ సెలవే నా బుర్ర తినేసింది. అంతకుముందు మాకందరికీ సెలవంటే శుక్రవారమే. ఆ నెల నుంచి దుబాయ్‌లో శని, ఆదివారాలన్నారు. షార్జాలో వాటికి శుక్రవారం కూడా కలిపి మూడు రోజులన్నారు. మావారు ఆ మూడు రోజులూ సోఫాకే అంకితం. మధ్యలో నష్టపోయింది మా ఇంట్లోనే ఉండి పనిచేసే గోదావరి జిల్లా ఆవిడ. ఆమె చెల్లెలు రోడ్డు దాటితే వచ్చే దుబాయ్ వైపు ఇంకో ఇంట్లో పనిచేస్తుంది. ఇద్దరూ కలిసేది శుక్రవారమే. ముందు చర్చిలో ప్రార్థన. గల్ఫ్‌లో ఏసుప్రభువుకీ శుక్రవారమే వీలు మరి. తర్వాత పార్కులో డబ్బా విప్పుకుని చీకటిపడేదాకా కబుర్లు.

ఒక శుక్రవారం పొద్దున వెళ్లిన మనిషి మధ్యాహ్నానికే తిరిగొచ్చి గిన్నెలు ముందేసుకుంది.

"అదేంటి, అప్పుడే వచ్చేశావ్?"

"చెల్లికి ఇకనించి ఆదివారమంటండి సెలవు. ఒక్కదాన్నే పార్కులో కూకుని ఏం చేత్తానండి?"

నాకు ఒళ్లు మండింది. ఆమెను ఒక్క మాట అడక్కుండా చెల్లెలి మేడమ్‌కి ఫోన్ చేశాను. హైదరాబాద్ ఆవిడ.

"సెలవు వాళ్ల హక్కండీ, మీ ఇష్టం కాదు. చరిత్ర చదువుకోలేదా?"

"నేను ఇస్తలేనా సెలవు? ఆదివారం ఇస్తున్న గదా! అంత ప్రేముంటే మీరే ఆదివారం ఇయ్యున్రి." ఫోన్ పెట్టేసింది.

ఆవిడా సెలవిస్తోంది, నేనూ ఇస్తున్నాను. అయినా అక్కాచెల్లెళ్లకు లేకుండా పోయింది. మరి ఆ కూలీలు కొట్లాడింది ఒక ఖాళీ రోజు కోసమా, అందరికీ ఒకేసారి దొరికే రోజు కోసమా? పాఠంలో వెతికాను, దొరకలేదు. మావారినడిగితే, "నాకు మూడు రోజులూ సమానమే" అన్నారు.

చివరికి పంతం మింగి, "ఇకనుంచి నీ సెలవు ఆదివారం" అని మా పనావిడతో చెప్పాను. ఎలాగూ శుక్రవారం మనిషి ఇంట్లోనే ఉంటుంది కదా అని మావారి స్నేహితుల కుటుంబాలను భోజనానికి పిలిచాను.

ఆ శుక్రవారం బెల్ మోగింది. గుమ్మంలో చెల్లెలు, చేతిలో డబ్బాతో.

"మీ మాటలకి మా మేడంగారికి రోషం వచ్చేసిందండి. 'పో, పాత శుక్రవారమే తీస్కో' అన్నారండి."

హాల్లో చుట్టూ జనం, పొయ్యి మీద బిర్యానీ. "వెళ్లండమ్మా, ఇద్దరూ వెళ్లండి" అన్నాను. అన్నానే గానీ, నిజంగా వెళ్లిపోతే నా గతేమిటి?

"ఈ గిన్నెలన్నీ వదిలేసి ఎల్లమంటారాండీ?" అంది అక్క.

"ఇద్దరం పడితే చిటికెలో ఖలాసండి" అంటూ చెల్లెలు చున్నీ నడుముకి బిగించింది.

ఆమె సెలవు రోజు నా సింకు దగ్గర గడిచింది. అక్క తోముతుంటే చెల్లెలు తుడుస్తోంది. ఏదో గుసగుసలాడుకుని పడీపడీ నవ్వుకున్నారు. పార్కులో కూడా ఇలాగే నవ్వుకుంటారేమో. నేను చూస్తున్నది సెలవో, చాకిరీయో నాకు అర్థం కాలేదు.

"ఇంతకీ వచ్చేవారం ఏ రోజు?" అనడిగాను.

"మేమిద్దరం అనుకుని చెప్తాం అమ్మగారండీ. మీరు మాత్రం ఆవిడగారికి ఫోన్ చెయ్యకండి బాబూ!" అంది అక్క.

తుడుపుగుడ్డ కోసం చెయ్యి చాచాను. చెల్లెలు దాన్ని వెనక్కి లాక్కుంది.

"మీకెందుకండీ? మీకివాళ సెలవు కదా!"