మా అన్నయ్యకు రాని జ్వరం

బిడ్డకు పాలిస్తుండగా చేతులు వణకడం మొదలైంది. బయట చూస్తే ఉక్కపోత. కోడూరు దగ్గర మా ఊళ్లో అందరూ విసనకర్రలతో కూర్చున్నారు, నాకేమో అమ్మ దుప్పటి మీద దుప్పటి కప్పినా పళ్లు టకటకలాడుతున్నాయి. కాస్సేపటికి ఒళ్లంతా చెమట పట్టి జ్వరం జారిపోయింది. పాలు గడ్డకట్టి ఉంటాయని అమ్మ అంది. బాలింతకు ఇవన్నీ మామూలేనని నేనూ సరిపెట్టుకున్నాను.

మర్నాడు మళ్లీ అదే చలి. ఊళ్లో ఆర్‌ఎంపీ గారి మాత్రలతో నాలుగు రోజులు నెట్టుకొచ్చాం. ఈలోగా కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం టీ డికాక్షన్‌లా వచ్చింది. ఒకరోజు పొద్దున నా బిడ్డను చూసి ఎవరి పిల్ల అని అడిగానట. మా ఆయన మరి ఆగలేదు, కారు మాట్లాడి బందరు తీసుకెళ్లిపోయాడు.

డెంగ్యూ టెస్ట్ నెగటివ్. టైఫాయిడ్ కాదన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్నారు. కాన్పులో ఇన్‌ఫెక్షన్ అయి ఉంటుందని యాంటీబయాటిక్స్ పెట్టారు. ఏం పెట్టినా జ్వరం దాని దారి దానిదే. బిడ్డకు డబ్బా పాలు పడుతుంటే చూస్తూ, నేనిక ఇంటికి వెళ్లనని అనుకున్నాను.

ఆ తర్వాత ఒక డాక్టరమ్మ నా రక్తాన్ని గాజు పలక మీద స్మియర్ చేయించి, స్వయంగా మైక్రోస్కోప్‌లో చూసి వచ్చారు. "ఇది ఫాల్సిపారం మలేరియా. ఈవిడ ఎక్కడెక్కడ తిరిగొచ్చింది?" అని మా ఆయన్ని అడిగారు. కడుపుతో ఉన్నప్పట్నుంచీ అవనిగడ్డ దాటలేదండీ అన్నాడు. ఆవిడ వెంటనే, కాన్పులో రక్తం ఎక్కించారా, ఎవరిచ్చారు అని అడిగారు.

ఇచ్చింది మా అన్నయ్య సాంబయ్య. ఎండు చేపల వ్యాపారం వాడిది. వానాకాలమంతా ఏజెన్సీలో గది తీసుకుని ఉండి, కొండ సంతల్లో నెత్తళ్లు, ఎండు రొయ్యలు అమ్ముతాడు. ఆ వ్యాపారంలో కొత్తగా వెళ్లినవాళ్లందరికీ మొదట్లో చలిజ్వరం వస్తుంది. రెండు మూడేళ్లకు రావడం మానేస్తే, ఈ కొండ నీళ్లు ఒంటికి పడ్డాయిరా అని ఒకరి భుజం ఒకరు తడతారు. రక్తం ఇచ్చేటప్పుడు జ్వరం వచ్చిందా అని అడిగితే, వచ్చి ఏళ్లయిందని చెప్పాడు. అది అబద్ధం కాదు.

అన్నయ్య నాకోసం కొబ్బరి బొండాలు పట్టుకుని వరండాలోనే ఉన్నాడు. వాడికీ టెస్ట్ చేశారు. రాయిలా ఉన్న మనిషి, వాడి రక్తంలోనూ అదే పురుగు ఉంది.

"ఏళ్ల తరబడి దోమలు కుట్టీ కుట్టీ మీ ఒంట్లో యాంటీబాడీలు తయారయ్యాయి. అవి పారసైట్‌ని తొక్కిపెడతాయే గాని పూర్తిగా చంపవు. అందుకే మీకు జ్వరం రాలేదు. మీ చెల్లెలికి ఆ కాపలా లేదు," అన్నారు డాక్టరమ్మ.

అన్నయ్య బొండాలు కింద పెట్టేశాడు. "దాన్ని నేనే చంపబోయానా అండీ?" అన్నాడు. ఆవిడ నర్సుని పిలిచి ఆర్టిసునేట్ ఇంజెక్షన్ పెట్టమన్నారు.

జ్వరం తగ్గుముఖం పట్టింది గాని హిమోగ్లోబిన్ మరీ పడిపోయింది. మళ్లీ రక్తం ఎక్కించాలన్నారు. స్టాండుకు వేలాడుతున్న ఆ సంచీని చూస్తుంటే ఇది ఎవరిదో, ఎక్కడ తిరిగారో అని నా పై ప్రాణాలు పైనే పోయాయి. వద్దని ఏడ్చాను. మా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంటే కళ్లు మూసుకుని ఎక్కించుకున్నాను.

ఇప్పుడు బాగున్నాను. పాప పాకుతోంది. అన్నయ్య మాత్రం దాన్ని ముట్టుకోవడానికి చాలాకాలం జంకాడు. ముట్టుకుంటే అంటుకోదురా పిచ్చోడా అని నేనే తీసుకెళ్లి వాడి ఒళ్లో పడేశాను. వాడికీ కోర్సు మందులు వాడారు. కొన్నేళ్లు అటు వెళ్లకపోతే ఆ కాపలా కూడా సన్నగిల్లుతుందని, తర్వాత వెళ్తే కొత్తవాడికి వచ్చినట్టే జ్వరం రావచ్చని డాక్టరమ్మ చెప్పారు. వెళ్తే ఒక భయం, మానేస్తే ఒక భయం. దోమతెర కొనుక్కుని ఈ ఏడూ వెళ్లాడు.

మీలో మలేరియా ఉన్న చోట్ల తిరిగేవాళ్లు ఉంటే, రక్తం ఇచ్చే ముందు జ్వరం సంగతి ఒక్కటే కాదు, ఎక్కడ ఉండి వచ్చారో కూడా అడగకుండానే చెప్పండి. రక్తం ఎక్కించుకున్నాక జ్వరం వస్తే ఆ సంగతి డాక్టరుకి ముందుగా చెప్పండి.

నిన్న అన్నయ్య ఫోన్ చేశాడు. "నాకేమే, గుండ్రాయిలా ఉన్నాను," అన్నాడు. టెస్ట్ చేయించుకున్నాకే ఆ మాట చెప్పమన్నాను.