కడిగిన ఆకులు

అప్పటికి నాకు అక్షరాలు రావు. ఒంగోలు బస్టాండులో నా పక్కన కూర్చున్న అమ్మాయి, నీళ్లలో ఆకులున్న సీసా నాకు అప్పజెప్పింది. "ఇప్పుడే వస్తా పిన్నీ. ఏం చేయకూడదో మూత మీద రాశాను, చూడండి" అంది. చదివినట్టే తలూపాను. ఆకులు కుళ్లి జిగురు పట్టి ఉన్నాయి. పాపం అనిపించి, గోంగూర కడిగినట్టు కొళాయి కింద రుద్ది కడిగిపెట్టాను.

ఆమె వచ్చి చూసి కూలబడింది. "కంటికి కనపడని జీవులు ఆ జిగురులోనే ఉంటాయి పిన్నీ! రాలిన ఆకుని కుళ్లబెట్టి, వాగులో పురుగులకి తిండిగా చేసేది అవే. రెండు నెలలు నానబెట్టాను, ల్యాబులో పరీక్షకి. మూత మీద చూడలేదా?"

"కళ్లజోడు తేలేదమ్మా."

"అయ్యో, నాదే తప్పు. నోటితో చెప్పాల్సింది" అని నన్నే ఓదార్చింది.

నేను కళ్లజోడు పెట్టిందే లేదు. ఈ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను గాని, ఆవేళ ఆమెతో అనలేకపోయాను.